నేర్చుకున్న సీపీఆర్ మర్చిపోకుండా ఉండటానికి మేం పడ్డ పాట్లు

విజయవాడ కానూరు వైపు ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. 2023 జులైలో మా మేనేజ్‌మెంట్ ఒక ట్రైనర్‌ని పిలిపించి, స్టాఫ్‌లో కొందరికి ఒక్కరోజు ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ నేర్పించింది. సీపీఆర్ అంటే గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ నొక్కి, నోట్లోకి గాలి ఊది ప్రాణం నిలిపే ప్రయత్నం. అందరికీ కార్డులొచ్చాయి, గ్రూప్ ఫొటో దిగాం. ఆ ఫొటో ఇప్పటికీ కాలేజీ బ్రోచర్‌లో ఉంది. కార్డు గడువు రెండేళ్లు. 2025 జూన్‌లో కొత్త పిల్లల అడ్మిషన్ ఫైళ్లు సర్దుతుంటే నా కార్డు బయటపడింది. ఇంకో నెలలో గడువు అయిపోతుంది. అప్పటి నుంచి ఈ ఫిబ్రవరి దాకా జరిగింది రాస్తున్నాను. స్కూళ్లలో, హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఇలాంటి బాధ్యత నెత్తిన పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

ముందు చేసిన పని, నాతోపాటు కార్డు తీసుకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో లెక్క చూడటం. కొందరు ఉద్యోగం మానేశారు, ఒకరిని గుంటూరు బ్రాంచికి పంపారు. మిగిలింది నేనూ, ఫిజిక్స్ లెక్చరర్ ఒకావిడ. ఆవిడ సాయంత్రం అయిదున్నరకి ఇంటికి వెళ్లిపోతారు. రాత్రి పది దాటాక హాస్టల్లో ఉండేది నేను, ఇద్దరు ఆయాలు, వంట చేసే అక్క, గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయి. వీళ్లలో ఒక్కరిని కూడా ఆ రోజు ట్రైనింగ్‌లో కూర్చోబెట్టలేదు. అకౌంటెంట్‌కి నేర్పించారు గానీ ఆయాకి నేర్పించలేదు.

మేనేజ్‌మెంట్‌కి చెబితే "ఇంకా నెల ఉంది కదా మేడం, అయిపోయాక చూద్దాం" అన్నారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఒకరోజు మధ్యాహ్నం గది తలుపేసుకుని, మంచం మీద దిండు పెట్టుకుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ముప్పైసార్లు నొక్కి రెండు శ్వాసలు ఇవ్వాలని గుర్తుంది. ఎంత లోతుగా, ఎంత వేగంగా అంటే నోటికి అంకెలు వచ్చాయి, చేతులకి మాత్రం ఏమీ తెలియలేదు.

ఇక ఫోన్లు మొదలుపెట్టాను. ఈ దశలో తెలుసుకున్నవి ముందే తెలిసుంటే నాకు చాలా టైమ్ మిగిలేది. ఆసుపత్రుల వాళ్లు హార్ట్ డేకి, డాక్టర్స్ డేకి పెట్టే ఉచిత శిబిరాల్లో గంటా గంటన్నరలో ఛాతీ నొక్కడం వరకు నేర్పిస్తారు. మామూలు జనం కోసం ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ పెట్టిన పద్ధతి కూడా అదే, నోట్లోకి గాలి ఊదడం లేకుండా కేవలం నొక్కడం. మంచిదే, కానీ అక్కడ రెండు వందల మందికి, నొక్కి నేర్చుకోవడానికి మనిషి ఆకారపు బొమ్మలు నాలుగే ఉంటాయి, మన వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ కోర్సుల్లో గాయాలకీ ఎముకలు విరిగినప్పుడూ కట్లు కట్టడం లాంటివి ఎక్కువ నేర్పిస్తారు. మాకు ముందు ఇచ్చింది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు కాబట్టి నేను అదే వెతికాను. ఒక సెంటర్‌లో ఫోనెత్తిన అబ్బాయి బీఎల్‌ఎస్ కోర్సు అన్నాడు. డబ్బు కట్టబోతుంటే ఇంకో సెంటర్ ఆవిడ "మీరు నర్సా? కాదా? అయితే మీకు బీఎల్‌ఎస్ ఎందుకండీ, హార్ట్‌సేవర్ చాలు" అని చెప్పింది. బీఎల్‌ఎస్ ఆసుపత్రి సిబ్బందికి, హార్ట్‌సేవర్ మాలాంటి వాళ్లకి. గడువు రెండింటికీ రెండేళ్లే. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఫీజు మూడున్నర వేలు. బ్యాచ్ నిండితే ఫోన్ చేస్తామన్నారు. జులై అంతా చూశాను, కార్డు గడువు దాటిపోయింది, ఫోన్ రాలేదు. ఆగస్టు రెండో వారంలో "ఈ ఆదివారం రాగలరా" అని అడిగారు. ఆదివారం మా హాస్టల్‌కి పేరెంట్స్ వచ్చే రోజు. ఆ రోజు వార్డెన్ కనబడకపోతే ఎంత గొడవో హాస్టల్లో పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది. లెక్చరర్ మేడం నా బదులు కూర్చుంటానన్నారు కాబట్టి వెళ్లగలిగాను.

సెంటర్ బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లోనే, ఒక బిల్డింగ్ మూడో అంతస్తులో. నేను కాటన్ చీర కట్టుకుని వెళ్లాను. ఆడవాళ్లు ఎవరైనా వెళ్తుంటే చెబుతున్నా, చుడీదార్ వేసుకోండి, గాజులు తీసి బ్యాగులో పెట్టుకోండి. రోజంతా మోకాళ్ల మీద ఉండాలి. మధ్యాహ్నానికి నా మోకాళ్లు ఎర్రగా కందిపోయాయి. పక్కన ఇంజనీరింగ్ కాలేజీ పీడీ (ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్) ఒకాయన ఇంటి నుంచి యోగా మ్యాట్ తెచ్చుకున్నాడు. తెలివైనవాడు అనుకున్నాను.

పాఠం ఏమీ చెప్పకుండానే ట్రైనర్ అందరినీ వరసగా బొమ్మ దగ్గర కూర్చోబెట్టి "రెండు నిమిషాలు చేయండి" అన్నాడు. అక్కడ కార్డు రెన్యువల్‌కి వచ్చినవాళ్లమే ఎక్కువ. బొమ్మకి ఒక ట్యాబ్ కలిపి ఉంది, మనం ఎంత లోతు నొక్కుతున్నామో, నిమిషానికి ఎన్నిసార్లు నొక్కుతున్నామో అందులో కనబడుతుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లకి తగ్గకుండా ఆరు దాటకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నాది నూట నలభై దాటింది, లోతు సగానికి మించలేదు. పక్కన కూర్చున్న డెంటల్ క్లినిక్ అమ్మాయి మొదటి నిమిషం బ్రహ్మాండంగా చేసి రెండో నిమిషంలో మోచేతులు వంచేసింది. పీడీ గారు బలంగా నొక్కారు గానీ చేతులు పైకి తీయకుండా ఛాతీ మీదే వాలిపోయారు. ట్రైనర్ ఎవరినీ ఏమీ అనలేదు. "అందరికీ ఇంతే. మూడు నుంచి ఆరు నెలల్లో చెయ్యి తప్పుతుంది, మీ కార్డు మీద మాత్రం రెండేళ్లని రాసుంటుంది" అన్నాడు.

అక్కడ నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఒకటుంది. తెలుగులో లెక్కపెడుతూ నొక్కితే పది వరకు వేగం బాగానే ఉంటుంది. పదకొండు, పన్నెండు, పదమూడు అనేసరికి మాట పొడవై చెయ్యి నెమ్మదిస్తుంది. ఇరవై దాటితే ఇంకా కష్టం. అందుకని ఒకటి నుంచి పది దాకా మూడుసార్లు లెక్కపెట్టమన్నాడు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (ఒకే వేగంతో టిక్ టిక్ అంటుంది) పెట్టుకుని నిమిషానికి 110 మీద వదిలి, దాంతో పాటు నొక్కడం కూడా అలవాటు చేయించాడు.

గాలి ఊదడం గురించి చాలామందికి సందేహం. రాకపోయినా, ఇష్టం లేకపోయినా పెద్దవాళ్లకి కేవలం నొక్కడం చేస్తే చాలు, ఏమీ చేయకుండా నిలబడటం కంటే అదే మేలు. కానీ నీళ్లలో మునిగినవాళ్లకి, చిన్నపిల్లలకి గాలి ముఖ్యం అని గట్టిగా చెప్పాడు. కృష్ణ ఒడ్డున ఉండే ఊరు మనది, పిల్లల్ని కార్తీక మాసంలో ఘాట్లకి తీసుకెళ్తాం. అందుకే ఆ భాగం మళ్లీ మళ్లీ చేశాను. ఆగిన గుండెకి కరెంటు షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్‌తో ప్రాక్టీసు తేలిక, అది మాట్లాడుతూ చెబుతుంది, మనం వినాలి. అయితే అది మాట్లాడేది ఇంగ్లిష్‌లో. మా ఆయాలకి ఎలా అని అడిగితే "ప్యాడ్‌ల మీద బొమ్మలుంటాయి, అలాగే అంటించమనండి" అన్నాడు. తర్వాత ఒకసారి మా దగ్గర్లోని ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్స్‌లో ఏఈడీ ఉందా అని సెక్యూరిటీ అతన్ని అడిగాను. ఎంతో మర్యాదగా తీసుకెళ్లి మంటలార్పే సిలిండర్ చూపించాడు.

కార్డు చేతికివ్వరు, మెయిల్‌కి వస్తుంది. దాదాపు రెండు వారాలు పట్టింది. రసీదు మాత్రం చేత్తో రాసిచ్చారు. మా అకౌంట్స్ వాళ్లు జీఎస్టీ బిల్లు ఉంటేనే డబ్బు ఇస్తామన్నారు. సెంటర్ వాళ్లు పంపిస్తాం పంపిస్తాం అంటూ నవంబరు దాకా సాగదీశారు. మీ సంస్థ నుంచి డబ్బు రావాలంటే ఫీజు కట్టేముందే బిల్లు సంగతి మాట్లాడుకోండి.

ఇక అసలు పని సెప్టెంబరులో మొదలైంది. మళ్లీ రెండేళ్లకి కాదు, నెల నెలా కాసేపైనా చేయాలి, అదీ రాత్రి హాస్టల్లో ఉండేవాళ్లతో చేయించాలి. దిండుతో మొదలుపెట్టాం. దిండుతో భంగిమ వస్తుంది, వేగం వస్తుంది. లోతు మాత్రం రాదు, అది ఎదురు తన్నదు కదా. సెంటర్ వాళ్లని అడిగితే బొమ్మని రోజుకి అయిదొందల అద్దెకి ఇస్తామన్నారు. బొమ్మకి కాళ్లూ చేతులూ ఉండవు, తల, మొండెం మాత్రమే. దాని బ్యాగు చిరిగిపోయిందని తెల్ల దుప్పటిలో చుట్టి ఇచ్చారు. ఆటో ఎక్కి ఒళ్లో పెట్టుకుంటే పటమట దాటాక దుప్పటి జారి తల బయటికొచ్చింది. డ్రైవర్ అద్దంలో చూసి బండి పక్కకి తీసి ఆపేశాడు. "మేడం, ఇలాంటిది ముందే చెప్పాలిగా" అన్నాడు. మొత్తం వివరించాక ఇంటి దాకా ప్రశ్నలే. దిగేటప్పుడు తన చెయ్యి ఎక్కడ పెట్టాలో ఛాతీ మీద చూపించి మరీ వెళ్లాడు, సరిగ్గానే చూపించాడు.

ఆదివారం మధ్యాహ్నం పేరెంట్స్ వెళ్లిపోయాక చేద్దామనుకున్నాం. కానీ కొందరు సాయంత్రం దాకా కదలరు. క్యారియర్ పట్టుకుని వచ్చిన ఒక తండ్రి హాల్లో నేలమీద బొమ్మనీ, చుట్టూ మమ్మల్నీ చూసి హడలిపోయాడు. "ఎవరికైనా ఏమన్నా అయిందా?" అని అడిగి, అంతటితో ఆగకుండా ఆఫీసుకి ఫోన్ చేశాడు. మర్నాడు నన్ను పిలిచి, పేరెంట్స్ భయపడతారు, ఇవన్నీ కనబడేచోట వద్దన్నారు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. బ్రోచర్‌లో ఫొటో చూసి భయపడనివాళ్లు ఎదురుగా చూస్తే భయపడతారా? అయినా వాదించలేదు. వెనక డైనింగ్ హాలుకి మార్చాం, రాత్రి తొమ్మిదిన్నరకి, పిల్లలు స్టడీ అవర్స్‌లో ఉండగా.

వంట అక్క చేతులు చూసి నేను ఆశ్చర్యపోయాను. రోజూ వందల మందికి పిండి కలిపే చేతులు, రెండు నిమిషాలు ఆపకుండా ఒకే లోతులో నొక్కింది. ఆయాలు సిగ్గుపడి నవ్వుతూ కూర్చున్నారు, మూడో నెలకి గానీ ఆ నవ్వు తగ్గలేదు. వాచ్‌మన్ బాబాయి మాత్రం బొమ్మ దగ్గరికే రానన్నాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అమ్మా, రేపు నిజంగా ఏ ఆడపిల్లకో ఇలా అయితే, నేను గుండె మీద చెయ్యి వేశానంటే ఆ పిల్ల బతికినా బతక్కపోయినా నన్నే కదా అంటారు?"

దీనికి ట్రైనింగ్‌లో జవాబు లేదు. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్లకి రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది, 2019లో చేర్చారు. మా హాస్టల్ గదికి అది వర్తిస్తుందని చెప్పి నేను ఆయన్ని నమ్మించలేను. ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి వెళ్లి, రాతలో ఒక మాట కావాలన్నాను. ఆయన మొదట "అలాంటివి రాతలో ఎందుకు మేడం" అన్నారు. లెక్చరర్ మేడం కూడా వచ్చి కూర్చున్నాక, అత్యవసరంలో హాస్టల్ సిబ్బందిలో ఎవరైనా, ఆడా మగా అని చూడకుండా సీపీఆర్ చేయాలని, అది వాళ్ల డ్యూటీలో భాగమని సంతకం పెట్టి సర్క్యులర్ ఇచ్చారు. దీనికే దాదాపు మూడు వారాలు పట్టింది. దాని జిరాక్స్ గేటు గదిలో అంటించాం. ఆ తర్వాత బాబాయి బొమ్మ దగ్గర కూర్చున్నాడు. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చిన రెన్యువల్ ఆ కాగితమే.

అక్టోబరులో ఇంకో తమాషా. ట్రైనర్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 గైడ్‌లైన్స్ వచ్చాయి, కొన్ని మారాయి అని. నేను డబ్బు కట్టి నేర్చుకుని రెండు నెలలు! గొంతులో ఏదైనా అడ్డుపడితే పెద్దవాళ్లకి పొట్ట మీద లోపలికీ పైకీ నొక్కమని ఆగస్టులో నేర్పారు. ఇప్పుడు ముందు వీపు మీద రెండు భుజాల మధ్య అయిదు దెబ్బలు, తర్వాత పొట్ట మీద అయిదు నొక్కులు, అడ్డు బయటికొచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. కొన్ని సంస్థలు ఎప్పటి నుంచో ఇలాగే నేర్పుతున్నాయట. నెలల పిల్లలకి రెండు వేళ్లతో ఛాతీ నొక్కే పద్ధతి తీసేశారు. బొటనవేళ్లు రెండూ పెట్టి చేతులతో చుట్టి పట్టుకునో, లేదా ఒక అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతోనో నొక్కాలి. మా ఆయా "మొన్నే కదమ్మా పొట్ట అన్నారు, ఇప్పుడు వీపంటారా" అని విసుక్కుంది. పొట్ట నొక్కడం ఒకరి మీద ఒకరు ప్రాక్టీసు చేయకూడదు, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించడం వరకే. మెతుకు అడ్డుపడి దగ్గుతున్నంతసేపు వెనక నుంచి కొట్టకుండా దగ్గనివ్వాలని వాళ్లకి అర్థం చేయించడం ఇంకా కష్టమైంది. మన ఇళ్లలో పొలమారితే నెత్తి మీద తట్టడం పుట్టుకతో వచ్చిన అలవాటు.

నవంబరులో ఒకరాత్రి ఊరికే నొక్కడం కాకుండా మొత్తం నడిపి చూద్దామన్నాను. మూడో అంతస్తులో పిల్ల పడిపోయింది అనుకుని మొదలుపెట్టాం. అసలు సమస్యలన్నీ అప్పుడు బయటపడ్డాయి. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, నా ఫోన్ కింద ఆఫీసులో ఛార్జింగ్‌లో ఉంది. 108కి ఫోన్ చేస్తే చెప్పాల్సిన అడ్రసు ఆయాకి రాదు, "బస్సు ఎక్కే సెంటర్ పక్కన" అంది. వెనక గేటు తాళంచెవి బాబాయి మొలతాడుకి ఉంటుంది, ఆయన నిద్రపోతే అంతే. సందులో రాత్రిళ్లు కాలేజీ బస్సులు నిలబెడతారు, అంబులెన్స్ లోపలికి వచ్చినా తిరగదు. బస్సుల్ని ఒక వరసలోకి జరిపించడానికి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జితో నేను పడ్డ గొడవ వేరే కథ. ప్రతి అంతస్తులో గోడ మీద తెలుగులో అడ్రసు, గుర్తుగా ఉండే గుడి పేరు, 108, నా నంబరు రాయించాం. అంతస్తుకొక బేసిక్ ఫోన్ పెట్టించాం, ఒక్కోటి పన్నెండొందలు.

బొమ్మ అద్దె, ఆటో ఖర్చు చూసి డిసెంబరులో సొంతది కొనేశాం. ట్యాబ్ లేని సాదా రకం, సరిగ్గా నొక్కితే టిక్ అని శబ్దం వస్తుంది. తొమ్మిది వేల చిల్లర, కొరియర్ అదనం. సగం స్టాఫ్ వేసుకున్నాం, సగం మేనేజ్‌మెంట్ ఇచ్చింది, ఈసారి బిల్లు ముందే తీసుకున్నాను. లోపల ఊపిరితిత్తుల బదులు పెట్టే ప్లాస్టిక్ సంచులు మార్చుతుండాలి, ఒకరు ఊదాక ఇంకొకరు ఊదేముందు మొహం స్పిరిట్‌తో తుడవాలి. ఈ ఖర్చు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. బొమ్మ వచ్చిందని తెలిసి సెకండియర్ బైపీసీ పిల్లలు మేమూ చేస్తామని వెంటపడ్డారు. సంక్రాంతి సెలవుల తర్వాత వాళ్లనీ కలుపుకున్నాం.

జనవరి ఆఖర్లో నిజంగానే ఒకటి జరిగింది, సీపీఆర్ కాదు. స్టడీ అవర్‌లో ఫస్టియర్ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి, మొదటిసారి. నేను పై అంతస్తు నుంచి దిగేసరికి ఆయా కుర్చీలు లాగేసి, కళ్లజోడు తీసి, తల కింద చున్నీ మడిచి పెట్టి ఉంది. ఒక అమ్మాయి గోడ గడియారం చూస్తూ టైమ్ చెబుతోంది. ఎవరో తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టబోతే వంట అక్క తోసేసింది. "ఏం పెట్టొద్దు, పట్టుకోవద్దు, ఆగాక పక్కకి తిప్పుదాం" అని అరిచింది. దాదాపు రెండు నిమిషాల్లో ఆగింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాం, ఊపిరి చూశాను, సరిగ్గా ఉంది. అయిదు నిమిషాలు దాటితే, లేదా మొదటిసారి అయితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే ముందే 108కి ఫోన్ వెళ్లింది, చేసింది ఆయానే, గోడ మీద చూసి చదివింది. ఇరవై నిమిషాలకి బండి వచ్చింది. గేటు తీసే ఉంది. అమ్మాయి ఇప్పుడు మందులు వాడుతోంది, క్లాసులకి వస్తోంది. ఆ రాత్రి నాకు చేతులు వణికాయి గానీ అది అంతా అయిపోయి, వాళ్లమ్మకి ఫోన్‌లో చెప్పేటప్పుడు.

ఇప్పుడు నెలకోసారి, రెండో శనివారం రాత్రి చేస్తున్నాం, మనిషికి పది నిమిషాలు మించదు. నా కార్డు 2027 ఆగస్టు దాకా ఉంది. ఆయాల్లో ఒకరు ఏప్రిల్‌లో మానేస్తానంటోంది, జూన్‌కి కొత్తవాళ్లు వస్తే మళ్లీ దిండు నుంచే మొదలు. పోయిన వారం బొమ్మలో టిక్ శబ్దం ఆగిపోయింది. కంపెనీ వాళ్లు ఢిల్లీకి పంపమంటున్నారు. కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మా అకౌంట్స్ వాళ్లు ఇంకా తేల్చలేదు.